నయేబా కొండల్లో ఒక శనివారం

గురువారం

జపాన్‌లో జరిగే ఫుజి రాక్ సంగీత పండగకి ఫుజి కొండతో ఉన్న సంబంధం ఇప్పుడు పేరు వరకే. 1997 జులైలో మొదటిసారి జరిపినప్పుడు ఆ కొండ దిగువనే జరిపారు. సరిగ్గా అప్పుడే తుఫాను వచ్చిపడింది. రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ అనే అమెరికా బ్యాండ్ గాయకుడు విరిగిన చేతికి కట్టుతోనే ఆ గాలివానలో పాడాడు. జనం తడిసి ముద్దయి చలికి వణికిపోయారు. రెండో రోజు కార్యక్రమం మొత్తం రద్దయింది. తర్వాతి ఏడు టోక్యోలో పెట్టారు. 1999లో నీగాతా ప్రాంతంలోని నయేబా అనే స్కీయింగ్ కేంద్రానికి మార్చారు, ఇక అక్కడే పాతుకుపోయింది. పేరు మాత్రం అలాగే ఉంచేశారు. ఈ సంగతి చెబితే తమ్ముడు నీరుగారిపోయాడు. "అంటే ఫుజి కనపడదా అక్కా? అందరికీ ఫోటోలు పెడతానని చెప్పి వచ్చానే!"

వాడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ శనాదివారాల్లో స్నేహితులతో కలిసి బేస్ గిటార్ వాయిస్తుంటాడు. నేను టోక్యోలో ఉంటాను కాబట్టి సెలవు పెట్టి వచ్చాడు. 2024లో పండగ జులై 26 నుంచి 28 దాకా. ఒక్క రోజు టికెట్టే 20 వేల యెన్లు దాటింది. మూడు రోజులకీ పెట్టాలంటే నా ప్రాణం ఒప్పుకోలేదు. శనివారానికి తీసుకున్నాం. అయితే పండగ మొదలయ్యే ముందురోజు, గురువారం సాయంత్రం టికెట్ లేనివాళ్లని కూడా లోపలికి రానిస్తారు. దాన్ని వదులుకోవడం ఎందుకని రెండు రోజుల ముందే బయల్దేరాం.

నయేబాకి వెళ్లాలంటే ఎచిగో-యుజావాలో దిగాలి. టోక్యో నుంచి అక్కడికి బుల్లెట్ ట్రైన్‌లో గంటన్నర లోపే. దారిలో దైషిమిజు సొరంగం వస్తుంది, 22 కిలోమీటర్ల పొడవు. లోపలికి వెళ్లేముందు ఉక్క, మబ్బుపట్టిన ఎండ. బయటికొచ్చేసరికి రెండు పక్కలా పచ్చటి వరి మళ్లు, వాటి వెనకే నిటారుగా కొండలు. చలికాలంలో ఇక్కడ మనిషి ఎత్తు దాటి మంచు కురుస్తుంది. ఆ మంచు కరిగిన నీళ్లతోనే పండుతుంది కోషిహికారి బియ్యం, జపాన్‌లో ఎక్కడికెళ్లినా గొప్పగా చెప్పుకునే రకం. యుజావా స్టేషన్‌లో ఆ అన్నంతో రెండు గుప్పిళ్లలో పట్టనంత పెద్ద ముద్ద చేసి, సముద్రపు నాచు చుట్టి అమ్ముతారు. లోపల ఉప్పులో ఊరిన పుల్లటి ప్లమ్ పండు. ఆవకాయ లేకుండా అన్నం మొత్తం ఖాళీ చేయడం తమ్ముడి జీవితంలో అదే మొదటిసారి అయ్యుంటుంది.

సామాను యుజావాలో తీసుకున్న గదిలో పడేసి, సాయంత్రం బస్సులో నయేబా చేరాం. ముప్పావు గంట ఘాట్ రోడ్డు. చలికాలం అంతా జనం స్కీలు వేసుకుని జారే వాలు మీద ఇప్పుడు మోకాలెత్తు గడ్డి, ఆ గడ్డి మధ్యలో గుడారాలు, దుకాణాలు. మధ్యలో చెక్కతో కట్టిన ఎత్తైన మంచె. దాని మీద డప్పులు మోగుతుంటే చుట్టూ వందల మంది వలయంగా తిరుగుతున్నారు. బోన్ ఒడోరి అంటారు. వేసవిలో పితృదేవతల్ని తలుచుకుంటూ ఊరూరా ఆడే ఆట. ఇక్కడ నయేబా పాటకి ఆడతారు. నాలుగు అడుగులు, ఒక చప్పట్టు, మళ్లీ వెనక్కి ఒక అడుగు. బతుకమ్మ ఆడిన కాళ్లకి అది పట్టుబడటానికి రెండు చుట్లు చాలు. తమ్ముడు మాత్రం ఎప్పుడూ ఎదురుగా వచ్చేవాళ్లకి అడ్డం పడుతూనే ఉన్నాడు. నా ముందు తిరుగుతున్న పెద్దావిడ యుకాతా, అంటే వేసవి కిమోనో కట్టుకుని, కాళ్లకి వాన బూట్లు వేసుకుంది. ఆవిడని చూసి పక్కనున్న కుర్రాళ్లు అడుగులు దిద్దుకుంటున్నారు. కుర్రాళ్ల చొక్కాల మీదేమో పుర్రెలు, మంటలు, హెవీ మెటల్ బ్యాండ్ల పేర్లు.

తర్వాత బాణసంచా. ఇక్కడ కొండలు దగ్గరగా ఉండటంతో ప్రతి పేలుడూ ఎదురు కొండని తాకి రెండోసారి వినిపించింది.

శుక్రవారం

రాయడానికి పెద్దగా ఏమీ లేదు. టికెట్ ఉన్నవాళ్లంతా పొద్దున్నే బస్సులెక్కి పోయారు, ఊరు ఖాళీ. వేడినీటి బుగ్గల స్నానాలకి ఈ ఊరు పేరున్నదే కాబట్టి మేమూ వెళ్లి నానాం. మధ్యాహ్నం తమ్ముడికి వాన బూట్లు కొన్నాం. వాడి సైజు దొరకడానికి మూడు దుకాణాలు తిరగాల్సి వచ్చింది. నయేబాలో పండగ జరిగే చోటు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంటుంది. పగలు మాడ్చేసినా రాత్రికి స్వెటర్ కావాలనిపిస్తుంది. వాన ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. స్టేజీల దగ్గర గొడుగు వేయనివ్వరు, వెనకవాళ్లకి అడ్డమని, మొన మొహానికి తగులుతుందని. అందుకే మంచి రెయిన్‌కోటు, బూట్లు ఉండాల్సిందే. ఆ రెంటి మీద పెట్టిన డబ్బు మాత్రం దండగ కాదు.

శనివారం

పొద్దున బస్సు కోసం క్యూలో ఉండగానే గొడవ. తమ్ముడు రాత్రంతా కూర్చుని టైంటేబుల్‌కి రంగులు పూసుకొచ్చాడు. ఎరుపు అంటే తప్పనిసరి, పసుపు అంటే వీలైతే, ఆకుపచ్చ అంటే పావుగంట చూసి వచ్చేయొచ్చు. చూస్తే పొద్దున పదకొండు నుంచి రాత్రి పదకొండు దాకా ఊపిరి పీల్చుకునే సందు లేదు.

"ఒరేయ్, స్టేజీకీ స్టేజీకీ మధ్య నడక ఎక్కడ రాశావురా?"

"పరిగెడతాం అక్కా."

పరిగెత్తడానికి అది స్టేడియం కాదు, అడవి. లోయలో వాగు పక్కన ఒకదాని తర్వాత ఒకటిగా స్టేజీలుంటాయి. గేటు దాటగానే తిండి దుకాణాల మైదానం, దాని పక్కనే రెడ్ మార్కీ అనే కప్పున్న స్టేజీ. ఆ తర్వాత అన్నిటికంటే పెద్దది, గ్రీన్ స్టేజ్, 40 వేల మంది దాకా పడతారు. అక్కణ్నించి చెట్లలోంచి నడిస్తే వైట్ స్టేజ్. ఇంకా లోపలికి వెళితే జిప్సీ అవలాన్, ఆపైన ఫీల్డ్ ఆఫ్ హెవెన్. జనం నిండిన వేళ ఈ చివరి నుంచి ఆ చివరికి అరగంట పైనే. ఒక బ్యాండ్ సగంలో లేచి ఇంకో బ్యాండ్ సగానికి చేరేవాడికి రెండు సగాలూ అరకొరే. నాలుగైదు బ్యాండ్లని మొదటి పాట నుంచి చివరి పాట దాకా వినడమే మేలని నా పట్టు. వాడు ఒప్పుకోలేదు. మధ్యాహ్నం దాకా కలిసి తిరిగి, తర్వాత ఎవరి దారి వాళ్లు చూసుకుని, చీకటిపడే వేళకి గ్రీన్ స్టేజ్ ఎడమవైపు స్పీకర్ల స్తంభం దగ్గర కలుసుకోవాలని ఒప్పందం కుదిరింది.

గేటు దగ్గర టికెట్ ఇస్తే చేతికి పట్టీ కట్టారు. లోపల వాలంటీర్లు తలా ఒక చెత్త సంచి ఇచ్చారు. గత పండగల్లో పోగుచేసిన ప్లాస్టిక్ సీసాలతో తయారైన సంచి అది. ఇక్కడ వాడిపడేసిన కాగితపు కప్పులు టాయిలెట్ పేపర్ అయి మళ్లీ ఇక్కడికే వస్తాయి. చెత్త వేసే చోట ఒక్క డబ్బా కాదు, వరసగా ఎన్నో. ప్రతిదాని వెనకా ఒక మనిషి. నేను నీళ్ల సీసా పడేయబోతే ఒక కాలేజీ అమ్మాయి రెండు చేతులూ చాపి ఆపింది. మూత తిప్పి తీసి ఒక డబ్బాలో, సీసా చుట్టూ ఉన్న కాగితం చింపి ఇంకో దాంట్లో, అడుగున మిగిలిన నీళ్లు బకెట్లో ఒంపి, అప్పుడు సీసా మూడో దాంట్లో. నేను చివరిది వేసేసరికి చప్పట్లు కొట్టింది. తమ్ముడు మళ్లీ ఆ చప్పట్ల కోసం నా చేతిలోని టీ సీసా కూడా లాక్కుని తాగేశాడు.

రెడ్ మార్కీలో పదకొండున్నరకి ఆడిన బ్యాండ్‌లో పాతికేళ్లు దాటినవాళ్లు ఎవరూ లేనట్టున్నారు. రెండు గిటార్లు, డ్రమ్స్, గొంతు చించుకునే ఒక అమ్మాయి. మూడో పాటకి గిటార్ తీగ తెగింది. ఆపకుండా ఆ తీగని వేలికి చుట్టేసుకుని మిగతా ఐదింటి మీదే పాట పూర్తిచేశాడు ఆ కుర్రాడు. బ్యాండ్‌లో వాయించేవాడు పక్కనుంటే ఇలాంటివి కనిపిస్తాయి, లేకపోతే నేను గమనించేదాన్ని కాదు. ఇంత పొద్దున్నే ఆడే బ్యాండ్ల దగ్గర ఒక సుఖం ఉంది. ముందువరసకి వెళ్లాలంటే నడిచి వెళ్లొచ్చు, ఎవర్నీ తోసుకోనక్కర్లేదు. పోస్టర్‌లో వాళ్ల పేరు అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, అక్కడ నిలబడటానికి మాత్రం ప్రాణం పెట్టి వాయిస్తారు.

గ్రీన్ స్టేజ్ ముందు సగం నిలబడేవాళ్లది, వెనక సగం కుర్చీలవాళ్లది. మడిచి భుజాన వేసుకునే చిన్న కుర్చీలు. నడిచేటప్పుడు తప్పనిసరిగా మడవాలని అడుగడుగునా బోర్డులు. కుర్చీ వేసి, దాని మీద తువ్వాలు పరిచి, మనిషి ఇంకో స్టేజీకి వెళ్లిపోతాడు. మూడు గంటల తర్వాత వచ్చినా కుర్చీ, తువ్వాలు, పక్కన పెట్టిన కెమెరా సంచీ అలాగే ఉంటాయి. చూసి తమ్ముడు నోరెళ్లబెట్టాడు. నాకైతే ఈ పండగలో నచ్చనిదల్లా ఈ కుర్చీలే. మనుషుల్లేని కుర్చీలు ఎకరాలకి ఎకరాలు ఆక్రమిస్తే, నిజంగా వినడానికి వచ్చినవాడు వాటి మధ్య సందుల్లో ఒంటికాలి మీద నిలబడాలి. దొంగతనం చేయరు సరే, చోటు ఆక్రమించడం మాటేమిటి?

మధ్యాహ్నం వాడు టైంటేబుల్‌తో మాయమయ్యాడు. నేను వైట్ స్టేజ్ దారి పట్టాను. దారి మధ్యలో వాగు ఒడ్డున టోకోరో టెంగోకు అనే విశ్రాంతి చోటు ఉంది. జనం బూట్లు విప్పి, ప్యాంట్లు మడిచి, రాళ్ల మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకున్నారు. పెట్టి చూశాను. నిమిషం కూడా ఉంచలేకపోయాను, వేళ్లు కొంకర్లు పోయాయి. పిల్లలు మాత్రం మోకాళ్ల లోతులో రాళ్లు ఏరుతున్నారు. అక్కడ కూర్చుంటే ఒక చెవికి గ్రీన్ స్టేజ్ నుంచి గాలి మోసుకొచ్చిన కీబోర్డు, ఇంకో చెవికి వైట్ స్టేజ్ డ్రమ్స్. రెండూ కలవవు, అయినా ఎవరికీ ఇబ్బంది లేదు. మధ్యలో వాగు చప్పుడు రెంటినీ కడిగేస్తుంటుంది.

వైట్ స్టేజ్ ధ్వని వేరు. మైదానం చిన్నది, చుట్టూ గట్లు, చెట్లు. బేస్ చెవికంటే ముందు పొట్టలో తగులుతుంది. నేను వెళ్లేసరికి ముగ్గురే ముగ్గురు, పాట లేకుండా వాయిద్యాలే వాయిస్తున్నారు. ఒకే మెట్టు మీద పది నిమిషాలు, ఆ తర్వాత డ్రమ్మర్ ఒక్క దెబ్బ మార్చేసరికి మైదానమంతా హో అని అరుపు. సంగీతం ఇష్టమున్నవాళ్లకి నేను చెప్పేది ఒకటే, పేరు తెలియని బ్యాండ్‌కి పూర్తి గంట ఇచ్చి చూడండి. మొదటి పావుగంట విసుగొస్తుంది. తర్వాత వాళ్ల లెక్క అందుతుంది, ఇక అక్కణ్నించి కదలబుద్ధి కాదు.

మూడున్నర ప్రాంతంలో కొండ మీంచి మబ్బు దిగింది. ఎవరూ చెప్పకుండానే, ఒక్క నిమిషంలో మైదానం మొత్తం నీలం, పసుపు, ఎరుపు రెయిన్‌కోట్లలోకి మారిపోయింది. పరిగెత్తినవాళ్లు లేరు. నేను చెక్కబాట ఎక్కాను. ఈ బాటని వాలంటీర్లే వేశారు, అడవి నేల తొక్కిడికి పాడవకుండా మనుషుల్ని కాస్త ఎత్తున నడిపించడానికి. పలకల మీద ఎవరెవరివో బొమ్మలు, సందేశాలు. వానకి చెక్క జారుతుంది కాబట్టి ముందు నడిచేవాడి మడమలు చూసుకుంటూ నడవాలి. నా ముందు నడుస్తున్న నాన్న వీపు మీద పిల్లాడు, ఆ పిల్లాడి చెవులకి శబ్దం తగ్గించే పెద్ద హెడ్‌ఫోన్లు. వాడు నిద్రపోతున్నాడు.

దారిలో అవలాన్ స్టేజ్ వస్తుంది, సౌర విద్యుత్తు లాంటి వాటితో నడిపే చిన్న వేదిక. చుట్టూ స్వచ్ఛంద సంస్థల గుడారాలు. ఒకాయన అకూస్టిక్ గిటార్‌తో కూర్చుని పాడుతున్నాడు, వానలో పాతికమంది. దాటి వెళ్లిపోవడానికి మొహమాటమేసి రెండు పాటలు నిలబడ్డాను. మొహమాటంతో నిలబడినా పాటలు బాగానే ఉన్నాయి.

ఫీల్డ్ ఆఫ్ హెవెన్ చేరేసరికి వాన ఆగింది. ఇక్కడ హడావుడి తగ్గుతుంది. గంటలకొద్దీ సాగదీసే బ్యాండ్లకి ఇది పుట్టిల్లు, జనం కూడా కాస్త వయసు మళ్లినవాళ్లే. తల నెరిసిన ఒక జంట మట్టిలో చెప్పులు లేకుండా ఆడుతోంది. ఆవిడ చొక్కా 1999 నాటి ఫుజి రాక్‌ది, ఉతికి ఉతికి అక్షరాలు సగం పోయాయి. ఈ పండగ మొదలుపెట్టిన మసాహిరో హిదాకా ఇంగ్లండ్‌లోని గ్లాస్టన్‌బరీ సంగీత పండగ చూసి ఇలాంటిది మన దగ్గరా ఉండాలనుకున్నాడంటారు. గ్లాస్టన్‌బరీ నేను చూడలేదు. ఇక్కడ అడవికి ఇచ్చిన మర్యాద మాత్రం హెవెన్ దాకా నడిచినవాళ్లకే తెలుస్తుంది.

చీకటిపడే వేళకి గ్రీన్ స్టేజ్ స్పీకర్ల స్తంభం దగ్గరికి వెళితే తమ్ముడు ముందే వచ్చి ఉన్నాడు. మోకాళ్ల దాకా బురద, గొంతు బొంగురు. టైంటేబుల్ కాగితం తడిసి జేబులో ముద్దయిపోయింది. ఎన్ని చూశావని అడిగితే వేళ్లు లెక్కపెట్టి, తల అడ్డంగా ఊపి, "ఏది ఎవరిదో కలిసిపోయింది అక్కా" అన్నాడు. నేనేమీ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

బెత్ గిబ్బన్స్ అప్పుడే వచ్చింది. పోర్టిస్‌హెడ్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ పాటలు విన్నవాళ్లకి ఆ గొంతు పరిచయమే. రెండు చేతులతో మైకు పట్టుకుని, పాటకీ పాటకీ మధ్య జనానికి దాదాపు వీపు తిప్పేసి నిలబడుతుంది. పండగ స్టేజ్ మీద ఎవరైనా జనాన్ని ఊపుదామని చూస్తారు, ఈవిడ ఆ జోలికే పోదు. అంత పెద్ద మైదానంలో అంత చిన్న గొంతు చిట్టచివరి కుర్చీ దాకా వినిపించిందంటే సగం గొప్ప సౌండ్ ఇంజినీర్‌ది. తమ్ముడు ఆ పాటలన్నీ వీపు నా వైపు పెట్టి, మిక్సింగ్ టెంట్‌నే చూస్తూ విన్నాడు.

తొమ్మిది దాటాక క్రాఫ్ట్‌వెర్క్. 1970లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో పుట్టిన బ్యాండ్. సింథసైజర్ల మీద పాట కట్టడం ఇంకా వింతగా ఉన్న రోజుల్లో దాన్నే నమ్ముకున్నవాళ్లు. ఇద్దరు స్థాపకుల్లో ఫ్లోరియన్ ష్నైడర్ 2020లో చనిపోయాడు. మిగిలిన రాల్ఫ్ హ్యూటర్‌కి అప్పటికి డెబ్బై ఏడేళ్లు. నలుగురు మనుషులు, నాలుగు బల్లలు, ఒంటి నిండా వెలిగే గీతల దుస్తులు. గంటన్నర సేపు ఎవరూ అడుగు కదపలేదు. కదిలిందల్లా వాళ్ల వెనక తెర మీద అంకెలు, కార్లు, రైళ్లు. "వీళ్లు వాయిస్తున్నారా, ఈమెయిల్స్ చూసుకుంటున్నారా?" అని తమ్ముడు మొదటి పాటకి ఎకసెక్కమాడాడు. మూడో పాటకి ఆ బేస్ లైన్‌ని గాల్లో వేళ్లతో వాయిస్తున్నాడు.

అణుధార్మికత గురించిన వాళ్ల పాట వచ్చినప్పుడు తెర మీద జపనీస్ అక్షరాలు వెలిగాయి. 2011 ఫుకుషిమా ప్రమాదం తర్వాత ఆ జపనీస్ మాటల్ని వాళ్లకి అందించింది ర్యూయిచి సాకమోటో. ఎల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రాతో జపాన్‌కి ఎలక్ట్రానిక్ సంగీతం అలవాటు చేసినవాళ్లలో ఒకడు, వీళ్లకి పాత స్నేహితుడు. 2023 మార్చిలో క్యాన్సర్‌తో పోయాడు. వేదిక మీద పాడటమే తప్ప పెద్దగా మాట్లాడని హ్యూటర్ ఆ రాత్రి స్నేహితుడి గురించి నాలుగు మాటలు చెప్పి, సాకమోటో స్వరపరిచిన ‘మెర్రీ క్రిస్మస్ మిస్టర్ లారెన్స్’ మొదలుపెట్టాడు. మొదటి నాలుగు స్వరాలకే నా చుట్టూ ఉన్నవాళ్ల గొంతుల్లోంచి ఒక శబ్దం వచ్చింది. అరుపు అనలేను, ఏడుపు అనలేను. నా పక్కన బీరు కప్పు పట్టుకుని నిలబడ్డ నడివయసు మనిషి కప్పు నేల మీద పెట్టి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. పాట అయ్యాక మళ్లీ పెట్టుకుని కప్పు అందుకున్నాడు. వేసవిలో, బురదలో, క్రిస్మస్ పేరున్న పాట జర్మన్లు వాయిస్తే జపాన్ జనం కళ్లు తుడుచుకున్నారు. తమ్ముడికి సాకమోటో ఎవరో అప్పటికి తెలియదు. వాడూ తుడుచుకున్నాడు.

ఆ తర్వాత బస్సు క్యూ. దీని గురించి ఎవరూ కవిత్వం రాయరు. తాళ్లు కట్టిన పార్కింగ్ మైదానంలో మెలికలు తిరిగిన వరస, గంట పైగా నిలబడ్డాం. కాళ్లు పీకేశాయి, బూట్లలో నీళ్లు. ఒక్కరూ మధ్యలో దూరలేదు, ఒక్కరూ గట్టిగా మాట్లాడలేదు. గది చేరేసరికి ఒంటిగంట దాటింది.

ఆదివారం

పదింటికి లేచాం. స్టేషన్‌లో చిత్రమైన దృశ్యం. మాలాంటి బురద బూట్లవాళ్లు టోక్యో వైపు, అప్పుడే ఇస్త్రీ చేసినట్టున్న రెయిన్‌కోట్లవాళ్లు నయేబా వైపు. తమ్ముడు వాళ్ల చేతుల్లోని టైంటేబుళ్లలోకి తొంగిచూస్తూ ప్లాట్‌ఫాం దాకా నడిచాడు. రైలు కదిలాక, వచ్చే ఏడు మూడు రోజుల టికెట్, గుడారం వేసుకోవడం, ఖర్చు సగం సగం అని ప్రతిపాదన పెట్టాడు. సగం కుదరదన్నాను, విమానం ఖర్చు వాడిది వాడే పెట్టుకుంటే టికెట్ సంగతి చూద్దామన్నాను. బేరం ఇంకా నడుస్తూనే ఉంది.

మీలో ఎవరైనా వెళ్లాలనుకుంటే టికెట్ కంటే ముందు గది చూసుకోండి. నయేబాలో, యుజావాలో గదులు నెలల ముందే అయిపోతాయి. గుడారం వేసుకోవాలంటే దానికి విడిగా టికెట్ కొనాలి. వేసే చోటు గోల్ఫ్ మైదానపు వాలు, నిద్రలో జారకుండా కాస్త చదునైన చోటు కావాలంటే గురువారమే చేరుకోవాలి. 5,481 మీటర్ల డ్రాగొండోలా కేబుల్ కారు కూడా అక్కడే ఉంది, జపాన్‌లో అన్నిటికంటే పొడవైంది. బ్యాండ్లు వదిలి మేం ఎక్కలేదు, పిల్లలతో వెళ్లేవాళ్లు చూసుకోవచ్చు. తెల్ల బూట్లు మాత్రం ఇంట్లోనే వదిలేసి వెళ్లండి.